చౌరస్తాలో ఆ భుజాలు

మొన్న పొద్దున లైబ్రరీకి పోతుంటే చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ కనిపించింది. పైన కన్నీటి నివాళి, కింద రెండు దీపాలు, ఒక మూల పావురం, ఇంకో మూల శోకతప్తుల వరుస. చనిపోయినాయనది చేగుంట దగ్గర ఏదో ఊరు. ఆయనెవరో నాకు తెలియదు. ఆ భుజాలు మాత్రం తెలుసు. తెల్ల అంగీ. ఎడమవైపు కాలర్ కొస కొద్దిగా పైకి లేచి ఉంటుంది. జేబులో ఆకుపచ్చ మూత పెన్ను. కుడి భుజం కంటే ఎడమ భుజం వేలెడు కిందికి ఉంటుంది.

ఆ భుజాల మనిషి పోయి ఏడాది దాటింది. భుజాలు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

అతను ఆర్టిస్టు. ఇది నేనిచ్చిన బిరుదు కాదు. అతను అచ్చువేయించుకున్న కార్డు మీద పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఆ మాట ఉండేది. తను పనిచేసే ఫ్లెక్సీ షాపులోనే ఆ కార్డు అచ్చయింది. మొదటిసారి లైబ్రరీకి వచ్చినప్పుడు నా బల్ల మీద ఒకటి పెట్టాడు.

"ఏం బొమ్మలేస్తవు?" అని అడిగాను.

"ఇంకా డిసైడ్ కాలే సార్" అన్నాడు.

అప్పటికి అతని వయసు ఇరవై రెండో, మూడో. పోయేనాటికి ఇరవై ఆరు. అప్పటికీ డిసైడ్ కాలేదు.

లైబ్రరీకి అతను వచ్చేది ఫ్యాను కోసం. కిటికీ పక్క కుర్చీ అతనిది. మా బీరువాలో ఎప్పుడో పైనుంచి వచ్చిన ఒక పెద్ద బొమ్మల పుస్తకం ఉంది. విదేశీ చిత్రకారుల బొమ్మలు, ఇంగ్లిష్‌లో వివరాలు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మనవాడు తీసుకుపోయాడు, రెండేళ్లు ఉంచుకున్నాడు. బొమ్మ కింద రాసింది మాత్రం ఒక్క ముక్క చదవలేదు. ఎందుకు చదవవని అడిగితే, "చదివితే వాళ్ల ఇన్‌ఫ్లుయెన్స్ పడ్తది సార్" అన్నాడు. చదవకుండా ఉండటానికి ఇంత గౌరవమైన కారణం నేను లైబ్రరీలో పనిచేసిన ఇన్నేళ్లలో వినలేదు.

మెదక్‌లో చేతికి పెన్సిల్ దొరికిన ప్రతివాడూ ముందు చర్చి గీస్తాడు. పిల్లల డ్రాయింగ్ పోటీల్లో చర్చి, పెళ్లి ఆల్బమ్ అట్ట మీద చర్చి, చికెన్ సెంటర్ గోడ మీద కూడా నేను చర్చిని చూశాను. మనవాడు జీవితంలో చర్చి గీయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు సంగతి అందరికీ తెలియాలి కాబట్టి ఆదివారం పొద్దున చర్చి ఆవరణలోనే కూర్చునేవాడు, చర్చికి వీపు పెట్టి, గేటు వైపు తిరిగి. హైదరాబాద్ నుంచి చూడటానికి వచ్చినవాళ్లు పాపం జాలిపడేవాళ్లు.

"చర్చి అటున్నది గదా తమ్మీ" అనేవాళ్లు.

"దాన్ని అందరు చూస్తనే ఉన్నరు అన్నా. అది ఎవల్ని చూస్తుందో నేను చూస్తున్న" అనేవాడు.

ఈ మాట అతనికి చాలా ఇష్టం. నా చెవులతో నేనే మూడుసార్లు విన్నాను. చెప్పాక, అవతలివాడికి ఎక్కిందా లేదా అని ఒక్క క్షణం ఆగేవాడు. ఎక్కకపోతే మళ్లీ చెప్పేవాడు.

ఇంకో అలవాటు కొలవడం. చేయి చాపి పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, ఎదురుగా ఏది ఉంటే దాన్ని కొలిచేవాడు. చాయ్ గ్లాసును కొలిచేవాడు, ఆర్టీసీ బస్సును కొలిచేవాడు, మున్సిపాలిటీ చెత్త ట్రాక్టర్‌ను కొలిచేవాడు. ఒకసారి కూరగాయల మార్కెట్ దగ్గర బర్రెను కొలుస్తుంటే, బర్రెకు ముందు నిలబడ్డ ఒక అమ్మాయి తనకే కన్ను కొడుతున్నాడనుకుంది. ఆమె అన్న వచ్చి చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. మనవాడు చెంప పట్టుకుని లైబ్రరీకి వచ్చి కూర్చున్నాడు.

"బర్రె అని చెప్పకపోయినవా?" అన్నాను.

"చెప్పిన సార్. గప్పుడే రెండోది పడ్డది."

కొలవడం అయితే ఇంత చేసేవాడు గాని, పూర్తయిన బొమ్మ ఒక్కటీ నేను చూడలేదు. నోట్‌బుక్ ఎప్పుడూ చంకలో ఉండేది. అడిగితే, "పూర్తి కాలే సార్" అనేవాడు. ఒకసారి హైదరాబాద్‌లో ఏదో ఎగ్జిబిషన్‌కు కొత్తవాళ్ల నుంచి పది బొమ్మలు అడిగారు. పది రోజులు షాపుకు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. గడ్డం పెంచాడు. పదకొండో రోజు వచ్చాడు, గడ్డం తప్ప ఇంకేమీ పూర్తి కాలేదు.

"పూర్తి చేస్తే బొమ్మ సచ్చిపోతది సార్" అన్నాడు.

"అట్లయితే నువ్వేసినవన్నీ చిరంజీవులే" అన్నాను.

నవ్వాడు. ఎగతాళి అర్థమయ్యేది అతనికి. పట్టించుకునేవాడు కాదు. అది అతనిలోని గుణమో, లోపమో నాకిప్పటికీ తెలియదు.

ముఖాలు వేయడం అతను ఎందుకు మానేశాడో ఊరందరికీ తెలుసు. ఒక నాయకుడి పుట్టినరోజుకు షాపు ఓనర్ మాట మీద కాన్వాస్ మీద ఆ నాయకుడి ముఖం వేశాడు. మోసుకుపోయి ఇచ్చాడు. అనుచరులు చుట్టూ చేరి చాలాసేపు చూశారు. చివరికి ఒకాయన, "మస్తున్నది తమ్మీ. ఎవలిదిది?" అన్నాడు. ఆ రోజు నుంచి మనవాడు, "ముఖాలు కమర్షియల్ సార్, మానేసిన" అని చెప్పడం మొదలుపెట్టాడు.

కాని పొద్దంతా అతను చేసే పని ముఖాలతోనే. షాపులో సగం పని చావు ఫ్లెక్సీలు. మనిషి పోయిన గంటలో ఇంటివాళ్లు షాపులో ఉంటారు, శవం లేవకముందే ఫ్లెక్సీ లేవాలి. ఒకసారి లైబ్రరీ నోటీసు ఒకటి వేయించడానికి వెళ్లినప్పుడు కుల్చారం నుంచి ఒక కుటుంబం వచ్చి ఉంది. చనిపోయిన ముసలాయన కొడుకు, అల్లుడు, ఏడ్చి ఏడ్చి అలసిపోయిన ఆయన భార్య.

"తాత ఫోటో తెచ్చిండ్రా?" అన్నాడు మనవాడు, మౌస్ మీద చెయ్యి తీయకుండా.

"ఆధార్ కార్డున్నది" అన్నాడు కొడుకు.

"ఇంకేం లేదా? పెండ్లిల దిగింది?"

"పెండ్లిల దిగిండు గని, అటు తిరిగి అన్నం తింటుండు."

"సరే, ఆధార్‌దే ఇయ్యుండ్రి."

కార్డు మీది తలకాయను స్కాన్ చేసి, కత్తిరించి, పెద్దది చేశాడు. అల్లుడు దగ్గరికి జరిగి, "మీసం జర నల్లగ చెయ్యి తమ్మీ. రంగేస్కునేటోడు" అన్నాడు.

"కండువా ఏం రంగు పెట్టాలె?"

కొడుకు, అల్లుడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మొన్ననే పార్టీ మారిండు. వద్దులే, ఉత్త అంగీ చాలు" అన్నాడు అల్లుడు.

అప్పుడు మనవాడు ఇంకో ఫైలు తెరిచాడు. మెడ దగ్గర తెగిపోయిన ఒక ఒళ్లు, తెల్ల అంగీ తొడుక్కుని తెర మీదికి వచ్చింది. ఆ ఫైలు పేరు 'మగ పెయ్యి'. దాని కింద ఇంకో ఫైలు ఉంది, 'ఆడ పెయ్యి'. ముసలాయన తలకాయను తెచ్చి ఆ మెడ మీద పెట్టి, చుట్టూ కొంచెం మసకచేశాడు. అంతే, ముసలాయన తయారయ్యాడు. ముసలమ్మ లేచి వచ్చి తెర మీద ఆ అంగీని వేలితో తాకింది.

"గీ అంగీ ఎప్పుడు కుట్టిచ్చుకున్నడురా?" అంది కొడుకుతో.

"అమ్మా, గది కంప్యూటర్ అంగీ" అన్నాడు కొడుకు.

ఆమెకు అది చాలా నచ్చింది. మొగుడు బతికుండగా ఎప్పుడూ అంత శుభ్రంగా లేడని చెప్పి మళ్లీ ఏడ్చింది.

వాళ్లు పోయాక నేను మనవాడి వైపు చూశాను. ఆ రోజు అతను తొడుక్కున్నది కూడా తెల్ల అంగీ. ఎడమవైపు కాలర్ కొస పైకి లేచి ఉంది. జేబులో ఆకుపచ్చ మూత పెన్ను.

"అది నీ పెయ్యేనా?" అన్నాను.

ఓనర్ వెనక గదిలో ప్రింటర్ దగ్గర ఉన్నాడు. మనవాడు అటు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చేరినప్పుడు అర్జెంటుగ ఒక పెయ్యి గావాలంటే నేనే ఫోటో దిగిన సార్. ఓనర్‌కు తెల్వదు. చెప్పకుండ్రి."

నాలుగేళ్లుగా మెదక్ చుట్టుపక్కల పోయిన మగవాళ్లంతా, కుల్చారం నుంచి హవేలిఘనపూర్ దాకా, ఇరవై ఏళ్లకు షాపులో చేరిన ఈ కుర్రాడి భుజాల మీదనే పోయారన్నమాట. ఎనభై ఏళ్ల ముసలాళ్లకూ అవే భుజాలు. ఒక్కరూ గుర్తుపట్టలేదు. అందరూ ముఖం చూసి, మీసం నల్లగా ఉందా లేదా చూసుకుని, శోకతప్తుల్లో తమ ఫోటో ఎంత పెద్దగా వచ్చిందో చూసుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఆడ పెయ్యి అతని తల్లిది. కూతురి పెళ్లిలో ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, పెళ్లికోసం ఎవరిదో అడిగి వేసుకున్న హారంతో దిగిన ఫోటో. ఆమె మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. ఒకరోజు నన్ను ఆపి తన బాధ చెప్పుకుంది.

"మీ మాట ఇంటడు, మీరన్న చెప్పుండ్రి సార్. పొద్దుగాల గంప పట్టుకొని వస్తుంటే దవాఖాన ముంగట నా మెడ మీద ఎవలిదో తలకాయ ఉంటది. నాకు జరం వచ్చినట్లయితది. ఇంకెంతమంది తలకాయలు మొయ్యాలె నేను?"

చెప్పాను. "వేరే పెయ్యి దొరకంగనే మారుస్త సార్" అన్నాడు. మార్చలేదు.

ఇక మా అమ్మ సంగతి. నేను ఇదంతా రాయడానికి కారణం అదే.

మా అమ్మకు సరైన ఫోటో లేదు. ఫోన్ ఎత్తితే చాలు, పోలీసుల ముందు నిలబడ్డట్టు బిగుసుకుపోయేది, లేకుంటే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. నా భార్య పోయినప్పుడు ఒక సంగతి తెలిసింది నాకు: ఫోటోలో ఉన్న మనిషే మెల్లగా గుర్తుండే మనిషి అయిపోతుంది. పెళ్లి ఫోటోలోని కొత్త పెళ్లికూతురు తప్ప, నాతో ఇరవై ఏళ్లు బతికిన ఆవిడ ముఖం ఇప్పుడు నాకు సరిగ్గా రాదు. అమ్మ విషయంలో అట్లా కాకూడదనుకున్నాను. ఆమె మామూలుగా ఎట్లా ఉంటుందో అట్లా ఒక బొమ్మ కావాలి. ఊళ్లో ఇంకో ఆర్టిస్టు లేడు కాబట్టి ఇతన్నే అడిగాను.

"తప్పకుండ సార్. గని నాకు టైం ఇయ్యాలె" అన్నాడు.

ఇచ్చాను. మూడేళ్లు తీసుకున్నాడు.

ఆదివారం చర్చి దగ్గర వీపు చూపించడం అయిపోయాక, సరిగ్గా అన్నం వేళకు మా ఇంటికి వచ్చేవాడు. మొదటి ఆదివారం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, మెడలో గుండ్లు వేసుకుని కుర్చీలో కూర్చుంది.

"అవ్వా, పాత చీర కట్టుకో" అన్నాడు.

"పాత చీరల బొమ్మ దిగుతరా ఎవలన్న?" అంది అమ్మ.

"గుండ్లు గూడ తియ్యి. కుర్చీ వద్దు. నీ పని నువ్వు చేస్కో, నేను లేననుకో."

"లేవనుకుంటే బువ్వ ఎవలికి పెట్టాలె మరి?"

ఒక్క ఆ విషయంలో నేను అతని పక్షమే. గుండ్లు తీయించినందుకు లోపల మెచ్చుకున్నాను. అమ్మ అలిగి లోపలికి పోయి, చాట తెచ్చుకుని, కింద కూర్చుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. మనవాడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెన్సిల్‌తో కొలిచాడు. కిటికీ వైపు చూశాడు.

"వెలుగు సరిగ్గ లేదు" అన్నాడు. నోట్‌బుక్ మూసి, అన్నం తిని వెళ్లిపోయాడు.

తర్వాత ఆదివారాల్లో కాసేపు గీసేవాడు. కాని చూపించేవాడు కాదు.

"ఏం బిడ్డా, నా బొమ్మ నేను బతికుండంగ అయితదా?" అనేది అమ్మ.

"నువ్వు కదుల్తున్నవవ్వా."

"మనిషన్నంక కదలదా? నీ బొమ్మ కోసం కట్టెలెక్క ఉండాల్నా?"

"కదులు. కదిలినా మంచిదే."

"మల్ల కదుల్తున్నవంటివి?"

వాళ్లిద్దరికీ ఈ సంభాషణ ఎన్నిసార్లయినా విసుగు రాలేదు. నాకు వచ్చింది. రెండో ఏడాదికి నేను బొమ్మ సంగతి అడగడం మానేశాను. అమ్మ మానలేదు. ఆదివారం పప్పులో ఒక మిరపకాయ తక్కువ వేసేది, ఆర్టిస్టుకు కారం పడదని. అతను రాని ఆదివారం గుమ్మం వైపు చూస్తూ బియ్యం ఏరేది.

కిందటేడు సంక్రాంతి పోయిన వారానికి అమ్మ పోయింది. ఉదయం లేవలేదు, అంతే. హవేలిఘనపూర్ నుంచి అక్క, బావ వచ్చారు. బావకు వ్యవసాయం ఉంది, కొంచెం రాజకీయం కూడా ఉంది. ఇంటికి వచ్చి అమ్మ కాళ్లు మొక్కి, చెప్పులు తొడుక్కుని సరాసరి ఫ్లెక్సీ షాపుకు పోయాడు. వద్దని నేను చెప్పేలోపే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి మా వీధి మలుపులో ఫ్లెక్సీ లేచింది. ఆకుపచ్చ పట్టుచీర, హారం, ఆకుకూరల గంప మోసి మోసి బలపడ్డ భుజాలు. వాటి మీద మా అమ్మ తలకాయ, ఆధార్ కార్డులో బిగుసుకున్నది బిగుసుకున్నట్టే.

పదకొండో దినం అయ్యాక షాపుకు వెళ్లాను. నేను గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు పెంచాను.

"మూడేండ్లు మా ఇంట్ల కూసున్నవు. అమ్మను కండ్లార చూసినవు. నీకు గీ పెయ్యే దొరికిందా?"

"గంట టైమిచ్చిండ్రు సార్" అన్నాడు.

"బొమ్మేది?"

"పూర్తి కాలే."

నేను లేచాను. అతను నా వైపు చూడకుండా, తెర వైపు చూస్తూ ఒక మాట అన్నాడు.

"తలకాయ అందరికి ఉంటది సార్. ఆధార్ మీద గూడ ఉంటది. పెయ్యి ఎవ్వలికి ఉండది."

"గందుకే మీ అమ్మది తగిలిచ్చినవా?" అని వచ్చేశాను.

ఆ తర్వాత అతను లైబ్రరీకి రాలేదు. కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. నేను కబురు పెట్టలేదు. ఎండాకాలంలో అతనికి కామెర్లు వచ్చాయి. ముందు ఎవరో చెప్పారని ఆకుపసరు తాగించారు. ముదిరాక హైదరాబాద్ తీసుకుపోయారు. తిరిగి అంబులెన్స్‌లో తెచ్చారు.

షాపు ముందు అతని ఫ్లెక్సీ చూశాను. అది ఓనరే తయారుచేశాడు. ఇంకెవరికీ ఆ పని రాదు కాబట్టి. ఆధార్ కార్డు తలకాయ తెచ్చి, 'మగ పెయ్యి' తెరిచి, మెడ మీద పెట్టాడు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు. కళ్లు తుడుచుకున్నాడు, నిజంగానే ఏడ్చాడు మనిషి.

"చూడుండ్రి సార్, ఎంత మంచిగ కూసున్నదో. మెడ కాడ అతుకే కనవడ్తలేదు. నేను గింత మంచిగ చేస్త అనుకోలే" అన్నాడు.

మంచిగా కుదిరిందని చెప్పాను. అంతకంటే ఏం చెప్పాలి? ఆ అంగీ, ఆ మెడ, ఆ తలకాయ ఒకే మనిషివని ఓనర్‌కు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. మెదక్‌లో ఆ షాపు నుంచి మొత్తంగా ఒకే మనిషిగా పోయినవాడు అతనొక్కడే.

నెల తర్వాత అతని తల్లి ఒక గుడ్డ సంచి పట్టుకుని లైబ్రరీకి వచ్చింది.

"జరంల గూడ చెప్పిండు సార్, సార్ బుక్కు సార్‌కు ఇచ్చెయ్యమని. గిండ్ల ఏది మీదో నాకు తెల్వదు. అన్ని తెచ్చిన. చూస్కోండ్రి" అంది. ఆమెకు చదువు రాదు.

సంచిలో మా బొమ్మల పుస్తకం ఉంది. దాని కింద అతని నోట్‌బుక్కులు మూడు. అవి నావి కావని చెప్పాను.

"ఉంచుకోండ్రి సార్. నా ఇంట్ల ఎవలు చూస్తరు" అంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. పోతూ పోతూ గుమ్మం దగ్గర, "గా పట్టుచీర నేనిగ కట్టను" అని వెళ్లిపోయింది.

ఆ నోట్‌బుక్కులు అతను నాకు ఇవ్వమన్నాడో, ఆమె తేడా తెలియక ఇచ్చిందో నాకు తెలియదు.

తెరిచి చూశాను. ఒక్క బొమ్మకూ తలకాయ లేదు. బస్టాండ్‌లో మూట మీద కూర్చున్న ఆడమనిషి, మెడ దాకా. చాయ్ వడపోస్తున్న హోటలాయన, మెడ దాకా. చర్చి గేటులోంచి పిల్లను చంకనేసుకుని వస్తున్న ఒకాయన, మెడ దాకా. లైబ్రరీ బల్ల దగ్గర కూర్చున్నది నేను. అంత వంగిపోయి కూర్చుంటానని నాకు తెలియదు. ఆ రోజు నుంచి నిటారుగా కూర్చోవాలని చూస్తున్నాను, కుదరడం లేదు.

రెండో నోట్‌బుక్ మొత్తం అమ్మ. కింద కూర్చుని, ఎడమ కాలు మడిచి, కుడి మోకాలు పైకి పెట్టి, ఒళ్లో చాట. పేజీ తర్వాత పేజీ అదే. ముందు పేజీల్లో చెయ్యి కర్రలాగా ఉంది. పోను పోను అది అమ్మ చెయ్యి అయింది. పాత చీర. భుజం దగ్గర కుట్టిన చోటు కూడా గీశాడు. అన్నీ మెడ దగ్గర ఆగిపోయాయి.

అతనికి ముక్కు, నోరు వేయడం రాదు, అది ఊరందరికీ రుజువైంది. అతను బద్ధకస్తుడు, దానికి నేనే సాక్షి. లేక ఆ రోజు షాపులో అన్న మాట నిజంగానే అర్థం చేసుకుని అన్నాడా? తన ఒళ్లును ఊళ్లోని చచ్చిపోయినవాళ్లందరికీ పంచినవాడికి, ఒళ్లు లేకుండా పోతున్నవాళ్ల సంగతి నాకంటే ముందు తెలిసి ఉండవచ్చు. మూడు కారణాలూ నిజం కావచ్చు. ఒకటి ఎంచుకునే హక్కు నాకు లేదు. ఆ రోజు ఇంకో నిమిషం నిలబడి ఉంటే అడిగేవాణ్ని.

చివరి పేజీ బొమ్మ ఒకటి ఫ్రేము కట్టించి గోడకు పెట్టాను. వచ్చినవాళ్లు చూసి, మర్యాదకు ఏమీ అడగకుండా కూర్చునేవాళ్లు. పోయిన కోతలప్పుడు అక్క, బావ వచ్చారు. అక్క నీళ్ల చెంబు పట్టుకుని నిలబడిపోయింది.

"తమ్మీ, గిది అమ్మనే గదా" అంది.

"ఎట్ల తెలిసింది?"

"కాలు బొటనవేలు సూడు. ఏదన్న యాది చేస్కునేటప్పుడు గట్లనే పైకి లేపి పెట్టేది."

నేను దగ్గరికి పోయి చూశాను. బొటనవేలు పైకి లేచి ఉంది. యాభై ఏళ్లు ఆమెతో ఉన్నాను, నేను ఎన్నడూ చూడలేదు.

"తలకాయేది మరి?" అంది అక్క.

"ఫ్లెక్సీ మీద ఉండె. అదేడున్నది ఇప్పుడు?"

అక్క బావ వైపు చూసింది. బావ కొంచెం ఇబ్బంది పడ్డాడు. కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి ఉంటే అకాల వాన వచ్చిందట. కవర్లు దొరకలేదట. మా వైపు అందరూ చేసే పనే, పాత ఫ్లెక్సీలు తెచ్చి కుప్పల మీద కప్పుతారు. వాన రోజు ఆ కేంద్రాలకు పోతే మండలంలో పోయినవాళ్లంతా వరుసగా ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఉంటారు.

"ఏం అనుకోకు బామ్మర్దీ" అన్నాడు. "అత్తమ్మ ముఖం మీద వాన పడ్తదని నేనైతే బోర్లేసి కప్పిన. ముఖం వడ్ల దిక్కు పెట్టిన."

ఏమీ అనుకోలేదని చెప్పాను. అక్క మళ్లీ బొమ్మ వైపు తిరిగింది. ఒళ్లో చాట ఉంది. చేతివేళ్లు చాటలో ఉన్నాయి. బియ్యం లేవు, అతను గీయలేదు.

"గింత మంచిగేసిండు. పూర్తి చెయ్యకపోయిండా పిల్లగాడు?" అంది.

"పూర్తి చేస్తే బొమ్మ సచ్చిపోతదనేటోడు" అన్నాను. ఆ మాటను వెక్కిరింపు లేకుండా చెప్పడం నాకు అదే మొదటిసారి.